ఆస్బెస్టాస్ వ్యాధి పదవీ విరమణ తర్వాత ఎన్నో ఏళ్లకు బయటపడితే పరిహారం అడగవచ్చా?

మీ ప్రశ్నలోని విషయాన్ని ముందుగా నా మాటల్లో చెబుతాను. ఎక్కడైనా పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. మీ నాన్నగారు హైదరాబాదు శివార్లలోని ఒక సిమెంటు రేకుల కర్మాగారంలో 1985 నుంచి 2009 వరకు పనిచేశారు. అందులో ఎక్కువ కాలం ఆస్బెస్టాస్ నార బస్తాలను కోసి మిక్సింగ్ యంత్రంలో పోసే విభాగంలోనే గడిచింది. ఆయాసం మొదలయ్యాక రెండు విడతలు క్షయ మందులు వాడించారు, గుణం కనబడలేదు. ఇటీవల సీటీ స్కాన్ చూసిన ఛాతీ వైద్యుడు ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ ధూళి వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధి) అని చెప్పి, ఊపిరితిత్తి పొర మీద ఉన్న గడ్డ మెసోథెలియోమా అనే క్యాన్సర్ కావచ్చునన్న అనుమానంతో బయాప్సీకి రాశారు. కంపెనీవారేమో పని మానేసి రెండేళ్లు దాటింది కాబట్టి హక్కు లేదన్నారు. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) శాఖా కార్యాలయంలో కార్డు చెల్లదని చెప్పి పంపించేశారు.

ఈ రెండు జవాబులనూ తుది నిర్ణయాలుగా తీసుకోకండి. కార్మిక నష్టపరిహార కేసుల్లో చాలా కాలంగా వాదిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఇలాంటి కుటుంబాల్లో ఎక్కువ మంది ఓడిపోయేది చట్టం లేక కాదు, ఈ మొదటి మౌఖిక తిరస్కారం దగ్గరే ఆగిపోవడం వల్ల. కాబట్టి మొదట చేయవలసినది ఆ ఇద్దరికీ రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రాతపూర్వకమైన జవాబు కోరడం. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నోటిమాటగా చెప్పిన తిరస్కారం మీద ఎక్కడా అప్పీలు చేయలేము.

ఆస్బెస్టోసిస్ మన చట్టాల్లో చాలాకాలంగా వృత్తి వ్యాధిగానే గుర్తింపు పొంది ఉంది. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలులో ఖనిజ ధూళి వల్ల కలిగే ఊపిరితిత్తుల వ్యాధుల కింద సిలికోసిస్‌తో పాటు ఆస్బెస్టోసిస్‌ను ‘సి’ భాగంలో చేర్చారు. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా అదే షెడ్యూలులోని ‘బి’ భాగంలో ఉన్నాయి. 1948 నాటి ఈఎస్ఐ చట్టానికి అనుబంధంగా ఉన్న మూడవ షెడ్యూలు కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. ఈ తేడా మీకు ముఖ్యం. ‘బి’ భాగపు వ్యాధికి ఆ పనిలో ఆరు నెలల నిరంతర సర్వీసు ఉంటే చాలు. ‘సి’ భాగపు వ్యాధికి కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన కాలం పని చేసి ఉండాలి, అది ఒకే యజమాని దగ్గర కానవసరం లేదు. ఇరవై నాలుగేళ్లు నార బస్తాల మధ్య పనిచేసిన మనిషికి సర్వీసు విషయంలో ఇబ్బంది రాదు. అంతకన్నా విలువైనది నష్టపరిహార చట్టం సెక్షన్ 3(2)లో ఉన్న ఊహ: షెడ్యూలులోని వ్యాధి ఆ పనిలో ఉన్నవారికి వస్తే, అది ఉద్యోగం వల్లనే కలిగిన ప్రమాద గాయంగా చట్టం భావిస్తుంది, కాదని రుజువు చేసే భారం యజమానిదే. మీ నాన్నగారి పనికీ వ్యాధికీ మధ్య ఉన్న ప్రతి లంకెనూ మీరే నిరూపించాలని కంపెనీ న్యాయవాది అంటే, ఆ సెక్షన్‌ను చూపించండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి అయిన కాలపరిమితి గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తుల్లో చేరిన తర్వాత ఆస్బెస్టోసిస్ కనబడడానికి సాధారణంగా పది, ఇరవై ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మెసోథెలియోమాకు ఇరవై నుంచి యాభై ఏళ్లు పట్టవచ్చు. చట్టం మాత్రం ఈ స్వభావాన్ని పూర్తిగా దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. నష్టపరిహార చట్టం సెక్షన్ 10 ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలో క్లెయిము వేయాలి. వృత్తి వ్యాధి విషయంలో, వ్యాధి వల్ల పనికి వెళ్లలేని రోజుల్లో మొదటి రోజును ప్రమాదం జరిగిన రోజుగా లెక్కిస్తారు. ఉద్యోగం మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, వాటిని మొదట గుర్తించిన రోజే ప్రమాద దినం అవుతుంది. కంపెనీవారు చెబుతున్న ‘రెండేళ్ల’ మాట ఈ చివరి నిబంధన నుంచి వచ్చినదే. అయితే తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించి క్లెయిమును స్వీకరించే అధికారం ఈ కేసులను విచారించే నష్టపరిహార కమిషనర్‌కు అదే సెక్షన్ ఇస్తున్నదన్న సంగతిని వారు చెప్పరు. క్షయ అని పొరబడి చికిత్స జరిగిన కాలం, సరైన రోగ నిర్ధారణ జరిగిన తేదీ, పని చేసిన రోజుల్లో కంపెనీ వైద్య పరీక్షల ఫలితాలను కార్మికులకు ఇచ్చిందా లేదా అన్న విషయం, ఇవన్నీ తగిన కారణాలే. ఆలస్య మన్నింపు పిటిషన్‌ను ప్రధాన క్లెయిముతో పాటే, తేదీలవారీగా, ప్రతి తేదీకి ఒక కాగితం జతచేసి వేయండి. ఈ పిటిషన్‌ను నాలుగు వాక్యాల్లో ముగించే న్యాయవాదులు ఉన్నారు. ఇలాంటి కేసులో అది చేయకూడని పని.

ఇక్కడ సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పు మీకు చాలా ఉపయోగపడుతుంది. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ ఆస్బెస్టాస్ కార్మికుల పక్షాన వేసిన ఆ కేసులో తీర్పు రాసినవారు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్య హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ఉన్న జీవించే హక్కులో భాగమని, అది పదవీ విరమణ తర్వాత కూడా కొనసాగుతుందని ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది. అంతేకాక ప్రతి ఆస్బెస్టాస్ కర్మాగారం ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా ఉద్యోగం ముగిసిన తర్వాత 15 ఏళ్లు, వీటిలో ఏది తర్వాత వస్తే అప్పటివరకు భద్రపరచాలని ఆదేశించింది. మీ నాన్నగారి విషయంలో 1985కు 40 కలిపితే 2025 వస్తుంది; 2009కి 15 కలిపితే 2024 వస్తుంది. అంటే 2025 వరకు ఆ రికార్డు కంపెనీ దగ్గర ఉండి తీరవలసినది, ఆ తర్వాత నాశనం చేశామని చెప్పుకునే వీలు వారికి ఉంటుంది కాబట్టి రికార్డు కోసం లేఖ ఆలస్యం చేయకుండా పంపండి. నా వాదనలో ఈ ఆదేశానికి ఇంకొక ఉపయోగం కూడా ఉంది: వ్యాధి దశాబ్దాల తర్వాత బయటపడుతుందని దేశ అత్యున్నత న్యాయస్థానమే గుర్తించి ఇన్నేళ్ల రికార్డు ఉంచమని చెప్పినప్పుడు, పని మానేసిన రెండేళ్లకే తలుపు మూసుకుపోయిందనడం కార్మిక సంక్షేమం కోసం చేసిన చట్టాన్ని సంకుచితంగా చదవడమే అవుతుంది. ప్రతి కమిషనర్ ఈ వాదనను తప్పక అంగీకరిస్తారని హామీ ఇవ్వలేను. కానీ అప్పీలులో కూడా నిలబడగల వాదన ఇది.

ఆ తీర్పు గురించి ఒక అపోహ ప్రచారంలో ఉంది. ఆస్బెస్టోసిస్ ఉన్న ప్రతి కార్మికుడికీ లక్ష రూపాయలు ఇవ్వాలని కోర్టు చెప్పిందని కొందరు చెబుతుంటారు. ఆ ఆదేశం గుజరాత్‌లో ఈఎస్ఐ ఆసుపత్రి పరీక్షించిన కార్మికులను అహమదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ తిరిగి పరీక్షించి ధ్రువీకరించిన సందర్భానికి సంబంధించినది. దాన్ని మీ కేసులో నేరుగా అడిగితే కొట్టివేస్తారు. రికార్డు, బీమా, ధూళి పరీక్షలకు సంబంధించిన ఆదేశాలు మాత్రం దేశం మొత్తానికీ వర్తిస్తాయి. 2011లో కళ్యాణేశ్వరి కేసులో ఆస్బెస్టాస్‌ను నిషేధించడానికి నిరాకరించిన సందర్భంలో కూడా సుప్రీంకోర్టు 1995 నాటి ఆదేశాలను పాటించాలని మళ్లీ చెప్పింది.

తర్వాతి ప్రశ్న, ఏ తలుపు తట్టాలి అన్నది. మీ నాన్నగారి జీతం నుంచి ఈఎస్ఐ చందా కోత పడిన కాలం ఎంతో ముందు తెలుసుకోండి. ఈఎస్ఐ పరిధిలో ఉన్న కాలానికి సంబంధించిన ఉద్యోగ గాయానికి యజమాని నుంచి వేరే చట్టం కింద పరిహారం అడగడాన్ని ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్ అడ్డుకుంటుంది. ఆ అడ్డంకి సివిల్ దావాకూ వర్తిస్తుందని 1997లో వెస్టర్న్ ఇండియా ప్లైవుడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జీతం పరిమితి దాటి ఆయన ఈఎస్ఐ నుంచి బయటికి వచ్చిన కాలం ఉంటే, ఆ కాలానికి నష్టపరిహార చట్టం వర్తిస్తుంది. రెండు కాలాలూ ఉన్నట్లయితే నా సలహా: ఈఎస్ఐకి వైకల్య ప్రయోజనం కోసం దరఖాస్తు పెట్టండి, నష్టపరిహార కమిషనర్ దగ్గర కూడా కాలపరిమితి దాటిపోకుండా రక్షణగా ఒక క్లెయిము వేసి, ఈఎస్ఐ దరఖాస్తు సంగతిని అందులో దాచకుండా రాయండి.

కార్డు చెల్లదన్న జవాబుకు ఈఎస్ఐ చట్టంలోనే సమాధానం ఉంది. అందులో ‘బీమా చేసిన వ్యక్తి’ అంటే ఉద్యోగిగా ఉన్న వ్యక్తి మాత్రమే కాదు, ఉద్యోగిగా ఉండిన వ్యక్తి కూడా అని 2(14)వ సెక్షన్ చెబుతుంది. చికిత్సకు సంబంధించిన కార్డు ముగిసిపోవడం ఒక సంగతి, ఉద్యోగ కాలంలో కలిగిన వృత్తి వ్యాధికి వైకల్య ప్రయోజనం కోరడం మరొక సంగతి. దరఖాస్తులో ఈ సెక్షన్‌ను ఉటంకించి, వ్యాధిని నిర్ధారించే ప్రత్యేక మెడికల్ బోర్డుకు పంపమని అడగండి. నిరాకరిస్తే ఉద్యోగుల బీమా కోర్టులో కేసు వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. శాశ్వత పూర్తి వైకల్యం తేలితే సగటు వేతనంలో 90 శాతం చొప్పున జీవితకాలం చెల్లింపు, దురదృష్టవశాత్తు మరణం సంభవిస్తే ఆధారపడినవారికి ప్రయోజనం ఉంటాయి. పాక్షిక వైకల్యమైతే బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి తగ్గుతుంది.

నష్టపరిహార చట్టం కింద అయితే లెక్క వేరు. శాశ్వత పూర్తి వైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి షెడ్యూలులో ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు; మరణానికి 50 శాతాన్ని హెచ్చిస్తారు. నెల వేతనాన్ని 2020 జనవరి 3 నుంచి గరిష్ఠంగా 15,000 రూపాయల వరకు లెక్కలోకి తీసుకుంటున్నారు. 65 ఏళ్లు, ఆపై వయసుకు గుణకం 99.37. ఉదాహరణకు వేతనం 9,000 రూపాయలుగా నిర్ధారణ అయితే పూర్తి వైకల్యానికి 5,36,598 రూపాయలు వస్తుంది. సకాలంలో చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సమంజసమైన కారణం లేకుంటే 50 శాతం వరకు జరిమానా, చికిత్సకు నిజంగా అయిన ఖర్చు, ఇవన్నీ విడిగా అడగాలి. ‘రిటైరైనవాడికి సంపాదన నష్టం ఏముంది’ అన్న వాదన మీ కేసులో తప్పక వస్తుంది. అందుకు జవాబు ఆ షెడ్యూలే: 65 దాటినవారికి కూడా శాసనకర్తలు గుణకం పెట్టారంటే, ఆ వయసులో పరిహారం ఉంటుందని ఒప్పుకున్నట్టే కదా.

వైద్య సాక్ష్యం విషయంలో మీరు ఇప్పుడు తీసుకునే జాగ్రత్తే కేసును నిలబెడుతుంది. సీటీ స్కాన్ ఫిల్ములను, డిస్కును ఆసుపత్రిలో వదిలేయకండి. శ్వాస సామర్థ్య పరీక్షలో వాయు మార్పిడి కొలిచే డీఎల్‌సీఓ కూడా చేయించండి, ఎందుకంటే మామూలు స్పైరోమెట్రీలో బయటపడని నష్టం అందులో కనబడుతుంది. బయాప్సీ జరిగితే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (కణాల రకాన్ని గుర్తించే పరీక్ష) నివేదికతో పాటు కణజాలాన్ని మైనంలో భద్రపరచిన పారాఫిన్ బ్లాకులను మీ పేరిట తీసుకోండి. రెండో అభిప్రాయానికి గానీ, యజమాని తరఫు వైద్యుడు వివాదం లేవదీసినప్పుడు గానీ అవి లేకపోతే చాలా నష్టపోతాం. కేవలం ‘ఐఎల్‌డీ’ (ఊపిరితిత్తుల మధ్య కణజాలపు వ్యాధి) అనో ‘ఫైబ్రోసిస్’ (కణజాలం గట్టిపడడం) అనో రాసిన డిశ్చార్జి సమ్మరీ సరిపోదు. ‘ఇన్నేళ్ల ఆస్బెస్టాస్ ధూళి సంపర్కం ఉన్నది, వ్యాధి దానికి సంబంధించినది’ అని వైద్యుడు తన అభిప్రాయం రాయాలి. ప్రైవేటు వైద్యులు కోర్టుకు రావలసి వస్తుందని జంకుతుంటారు కనుక, ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి, నిమ్స్ వంటి చోట ఛాతీ విభాగం అభిప్రాయం కూడా తీసుకోండి. ఆస్బెస్టోసిస్‌ను నిర్ధారించిన వైద్యుడు ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయాలని 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ విధించింది. ఆ నోటీసు కాపీ మీ ఫైల్లో ఉంటే విలువైన సాక్ష్యం.

మీ నాన్నగారు బీడీలు కాల్చేవారని మీరే రాశారు. దీన్ని దాచవద్దు. పొగ తాగడం మెసోథెలియోమాకు కారణం కాదు, ఆస్బెస్టోసిస్ అనే వ్యాధికీ మూలం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే పొగ, ఆస్బెస్టాస్ కలిసి ప్రమాదాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి, అప్పుడు కూడా ఆస్బెస్టాస్ పాత్ర తొలగిపోదు. వాడినది తెల్ల ఆస్బెస్టాస్ కాబట్టి హాని లేదని కొందరు నిపుణుల చేత చెప్పిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తెల్లదానితో సహా అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలోనే పెట్టింది.

ఉద్యోగ రుజువు కోసం భవిష్య నిధి ఖాతా వివరాలు, పింఛను ఉత్తర్వు, గ్రాట్యుటీ లెక్క, పాత జీతం చీటీలు, యూనియన్ రసీదులు వెతకండి. ఏ విభాగంలో పనిచేశారన్నది ఈ కాగితాల్లో సాధారణంగా ఉండదు; అందుకు అదే షిఫ్టులో ఉన్న ఇద్దరు ముగ్గురు సహోద్యోగుల అఫిడవిట్లు కావాలి, వారికి కూడా వయసు మీద పడుతోంది కాబట్టి ఇప్పుడే తీసుకోండి. ఫ్యాక్టరీల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ కర్మాగారంలో జరిగిన తనిఖీల నివేదికలు, గాలిలో నార పరిమాణపు పరీక్షలు అడగండి. కంపెనీ రికార్డు ఇవ్వకపోతే దాన్ని తెప్పించే సివిల్ కోర్టు అధికారం కమిషనర్‌కు ఉంది. తెప్పించినా దాచిపెడితే ఆ రికార్డు వారికి వ్యతిరేకమైనదని భావించమని భారతీయ సాక్ష్య అధినియమం 119వ సెక్షన్ కింద కోరవచ్చు. మీ నాన్నగారి సాక్ష్యాన్ని మాత్రం ఆలస్యం కానివ్వకండి. ఆయన రాలేని పరిస్థితి ఉంటే ఇంటి దగ్గర అడ్వకేట్ కమిషనర్ (సాక్ష్యం నమోదుకు నియమించే న్యాయవాది) ద్వారా నమోదు చేయించమని తొలి వాయిదాలోనే పిటిషన్ వేయండి. ఆయన ఆ బస్తాలను ఎలా కోసేవారో, ముక్కుకు ఏం కట్టుకునేవారో, ఆ ధూళి ఎక్కడెక్కడ పడేదో ఆయన నోటి నుంచి వచ్చినంత బలంగా మరెవరూ చెప్పలేరు.

ఆయన కొన్నేళ్లు కాంట్రాక్టరు కింద పనిచేశానన్నారు కదా, అందువల్ల హక్కు పోదు. నష్టపరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం అసలు యజమాని బాధ్యుడే. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఆవిరి గొట్టాల పూత పని, ఓడల మరమ్మతు పని చేసిన మన విశాఖ, పాల్వంచ, రామగుండం వైపు కార్మికులకు కూడా ఇదే సెక్షన్ ఆధారం. ఒకరి దగ్గర కాక అనేక మంది యజమానుల దగ్గర పనిచేసినవారి విషయంలో ఎవరి వాటా ఎంతో కమిషనరే నిర్ణయిస్తారు.

మీ అమ్మగారి దగ్గు గురించి మీరు చివరలో ఒక వాక్యం రాశారు. ఇరవై నాలుగేళ్లు ఆ ధూళి పట్టిన బట్టలు చేత్తో ఉతికిన మనిషికి కూడా వ్యాధి రావచ్చు. వెంటనే ఛాతీ పరీక్ష చేయించండి. అయితే ఆమె ఉద్యోగి కారు కనుక ఈ రెండు చట్టాలూ ఆమెకు రక్షణ ఇవ్వవు, నిర్లక్ష్యం మీద సివిల్ దావా ఒక్కటే మార్గం. మన చట్టాల్లో ఇది బాధాకరమైన లోటు, కార్మిక సంఘాలు దీన్ని గట్టిగా అడగాలని నేను కోరుకుంటున్నాను.

మరొక ముఖ్య విషయం. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పాత నష్టపరిహార చట్టం, ఈఎస్ఐ చట్టం అందులో కలిసిపోయాయి, వృత్తి వ్యాధుల జాబితా కూడా అందులోకి వచ్చింది. ఇప్పటివరకు వచ్చిన తీర్పులన్నీ పాత సెక్షన్ల మీదే ఉన్నాయి కనుక నేను ఆ సంఖ్యలే వాడాను. మీ నాన్నగారి వ్యాధి నిర్ధారణ తేదీని బట్టి ఏ చట్టం వర్తిస్తుందన్న వివాదం రావచ్చు; దరఖాస్తులో పాత చట్టాన్నీ, కోడ్‌నూ రెండింటినీ పేర్కొనండి.

క్లెయిమును మీరు నివసించే ప్రాంతపు కమిషనర్ దగ్గరే వేయవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ కార్మిక శాఖ అధికారులే ఈ బాధ్యత చూస్తారు. కేసు నడుస్తుండగా మీ నాన్నగారికి ఏమైనా జరిగితే, ఆధారపడిన వ్యక్తిగా ముందుండేది మీ అమ్మగారు. పెళ్లై సంపాదిస్తున్న పెద్ద కొడుకుగా మీరు ఆ నిర్వచనంలోకి రారు. అందుకే ఆమె పేరు, ఆధార్, వివాహ రుజువు ఇప్పటి నుంచే ఫైల్లో ఉండాలి. కంపెనీ మనిషి ఇంటికి వచ్చి కొంత డబ్బిచ్చి ‘ఇక ఏ హక్కూ లేదు’ అని సంతకం పెట్టమంటే పెట్టవద్దు. పరిహార హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదని నష్టపరిహార చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. అయినా ఆ కాగితం చూపించి మిమ్మల్ని నెలల తరబడి తిప్పగలరు. వచ్చిన డబ్బులో ఇంత శాతం అని మాట్లాడుకునే దళారులకు అసలు పత్రాలు ఇవ్వకండి. పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కార్మిక కేసులు చేసిన న్యాయవాదినే నియమించమని అక్కడ రాతపూర్వకంగా అడగండి. బయాప్సీ నివేదిక రాగానే దాని తేదీ, వైద్యుడి అభిప్రాయం ఇక్కడ రాస్తే, ఆలస్య మన్నింపు పిటిషన్‌లో తేదీలను ఏ క్రమంలో పెట్టాలో చూసి చెబుతాను.